అంకమ్మత్త బలం లేహ్యం

అంకమ్మత్త లేహ్యం తిన్నవాడు ఏనుగు తోక పట్టుకుని లాగితే ఏనుగు వెనక్కి నడుస్తుందని మా కూలీ లైన్లలో అందరికీ తెలుసు. ఫిజీలో ఏనుగులు లేవు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. ఈ సంగతి మొదట చెప్పింది నేనే. కొన్నాళ్ళకి అదే సంగతి ఇంకొకడు వచ్చి నాకే చెప్పాడు. వాళ్ళ మేనమామ కళ్ళారా చూశాడట. అప్పుడు నేను కూడా నమ్మాను.

అసలు ఉపయోగాలు అంతకన్నా కాస్త చిన్నవి. జ్వరం పడి లేచినవాడికి ఆకలి పుడుతుంది. బాలింతకు నడుం నిలబడుతుంది. పొద్దస్తమానం చెరుకు తోటలో పార పట్టినవాడికి కాళ్ళు పీకకుండా నిద్ర పడుతుంది. మోతాదు ఉసిరికాయంత.

అందులో ఏమేం పడతాయో మాత్రం ఆమె చెప్పేది కాదు. మందు పేరు పైకి అంటే మందు చచ్చిపోతుందని వాళ్ళ మామగారి మాట. ఆయన నెల్లూరు దగ్గర పల్లెలో పేరున్న మందులాయన. కోడలికి విద్య నేర్పినప్పుడు కూడా ఒక్క పేరూ చెప్పలేదట. ప్రతి వేరూ చేతిలో పెట్టి, వాసన చూపించి, నాలుక మీద పెట్టి నేర్పాడు. అంకమ్మత్త ఆ సరుకంతా మూట కట్టుకుని ఓడెక్కింది. పడవంత ఓడలో, వాంతుల మధ్య, ఆ మూటను తలకింద పెట్టుకుని ఫిజీలో ఈ నాడీ ఊరి దాకా తెచ్చింది. ఎవరైనా "అందులో ఏముందత్తా?" అని అడిగితే మూతి బిగించేది. అందుకని జవాబులు నేను చెప్పేవాణ్ణి. పులి మీసం అని ఒకరికి, పిడుగు పడ్డ చెట్టు బెరడని ఒకరికి చెప్పాను. ఇద్దరూ ఇంకాస్త కావాలన్నారు.

ఇక వీరస్వామన్న సంగతి. ఆయనా నేనూ జహాజీలం, అంటే ఒకే ఓడలో వచ్చినవాళ్ళం. ఇక్కడ ఒకే కడుపున పుట్టినవాళ్ళకన్నా ఒకే ఓడలో కక్కుకున్నవాళ్ళకి బంధుత్వం ఎక్కువ. అందుకే ఆయన నాకు అన్న, ఆయన పెళ్ళాం బాలమ్మ నాకు వదిన. వాళ్ళ పెళ్ళి ఓడలోనే అయింది. తాళిబొట్టుకు దారం దొరక్క ఓడ తాడు పురి విప్పి కట్టాడు. ఆ తాడుకు రాసిన పసుపు వంటవాడి దగ్గర నేనే తెచ్చాను. అడిగి తెచ్చానని వాడు ఒప్పుకోడు.

ఆ యేడు వానలకి వీరస్వామన్నకు జ్వరం తగిలింది. లేచేసరికి ఎంత చిక్కిపోయాడంటే, గాలి వీచినప్పుడు మేము ఆయన్ని చెరుకు గడకు ఆనించి నిలబెట్టి, గాలి ఆగాక మళ్ళీ తీసుకునేవాళ్ళం.

ఆదివారం పొద్దున సర్దారు భగవాన్ మా లైన్ల ముందుకొచ్చి కర్రతో రేకు గోడను కొట్టాడు. మా చేత పని చేయించే మేస్త్రీ, హిందుస్థానీ మనిషి. మాతో ఉండీ ఉండీ తెలుగు ముక్కలు నేర్చాడు గానీ వాటిని హిందీలో ముంచి వాడేవాడు.

"ఏ మద్రాసీ లోగ్, సునో! కమ్‌జోర్ వాళ్ళను కులంబర్ ఏరేస్తాడు. రేపు టాస్కు పూరా చెయ్యనోడు లంబాసా జాయేగా. బుధవారం జహాజ్!"

కమ్‌జోర్ అంటే నీరసపువాళ్ళు. కులంబర్ అంటే మా తెల్ల ఓవర్సీరు. టాస్కు అంటే రోజుకింతని కొలిచిచ్చే పని. లంబాసా సముద్రం అవతల ఇంకో దీవిలో ఉంది. అక్కడికి పోయినవాడు గిరిమిట్టు, అంటే కూలి ఒప్పందం, తీరేదాకా తిరిగి రాడు. మాకు అందులో సగం పైనే మిగిలి ఉంది.

వీరస్వామన్న చెరుకు గడ వదిలేసి సొంతంగా ముందుకొచ్చాడు.

"పోవాలంటే పోతా సర్దార్. నా ఆడమనిషిని గూడా పంపిస్తారా?"

"కౌన్ ఔరత్? ఓడలో తాడు కట్టినావ్. కులంబర్‌కు అది షాదీ నహీ, తాడు." భగవాన్ బాలమ్మ వదిన వైపు కర్ర చూపించాడు. "ఇది నంబర్ వన్ పార. దీన్ని కులంబర్ నహీ ఛోడేగా."

అది నిజమే. వదిన పార పడితే పక్క వరసలో మగాళ్ళు నీళ్ళు తాగే వంకతో ఆగిపోయేవాళ్ళు.

సర్దారు పోగానే వదిన తిన్నగా అంకమ్మత్త గదికి పోయింది. నేను వెనకాలే పోయాను.

"అత్తా, రేపు ఒక్కనాడు ఆయన నిలబడితే చాలు. లేహ్యం చెయ్యి."

అంకమ్మత్త మూట విప్పింది. అడుగున ఏవో నాలుగు పుల్లలు, కాస్త దుమ్ము ఉన్నాయి. అవి వాసన చూసి మూట మళ్ళీ కట్టింది.

"అన్నీ ఉండాయి మే. ఒక్క వేరు లేదు. అది లేకుంటే తక్కినయ్యన్నీ ఉత్త బెల్లం ముద్ద." నా వైపు తిరిగింది. "ఒరే మునిగా, నువ్వు పోయి తేవాల."

"ఏం వేరత్తా?"

"పేరడగబాక."

"పేరు లేకుండా ఎట్టా తెచ్చేది? అడవిలో నిలబడి ఓ వేరూ ఓ వేరూ అని పిలవనా?"

"నాలిక మీద పెట్టుకో. తిమ్మిరెక్కితే తే. ఎక్కకుంటే ఉమ్మెయ్."

"ఎక్కినాక నేను పోతే?"

"పోతే తేబాక," అంది అంకమ్మత్త.

ఆ ఆదివారం నాడీ చుట్టుపక్కల ఉన్న వేర్లన్నీ నాకాను. ఒకటి సబ్బులా ఉంది. ఒకటి కొరికాక నా పేరు నాకే కాసేపు గుర్తు రాలేదు. ఇంకొకటి ఎంత కొరికినా తెగకపోతే చూశాను, అది వేరు కాదు, కంపెనీ వాళ్ళ కంచె గుంజ. చివరికి ఏటి ఒడ్డున సెమి ఇంటికి చేరాను. సెమి ఈ దేశపువాడు. అప్పుడప్పుడు మా లైన్లకు చేమదుంపలు తెచ్చి మా కందిపప్పు పట్టుకుపోతాడు. వాళ్ళ ఇంటి ముందు చాప మీద ఏవో వేర్లు ఎండుతున్నాయి. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. కాసేపటికి నాలుక నాది కాకుండా పోయింది.

"ఇది ఏంది సెమీ?"

"యంగోనా. బడా ఆద్మీ ఆయేగా, తబ్ పియేగా," అన్నాడు సెమి. పెద్దలు వచ్చినప్పుడు అందరూ కూర్చుని తాగుతారట.

పెద్దలు తాగేది బలానికి కాక ఇంకెందుకు తాగుతారని నా లెక్క. మా ఊళ్ళో పెద్దలు అన్నీ బలానికే తాగేవాళ్ళు.

"తుమ్ క్యా కరేగా?" అని సెమి అడిగాడు.

మందుకని చెప్పకూడదు కదా. ఇల్లు కట్టడానికి అన్నాను. సెమి నన్ను చాలాసేపు చూసి, ఒక కట్ట చేతిలో పెట్టాడు. మద్రాసీలు వేర్లతో ఇళ్ళు కడతారని అతను అప్పటినుంచి నమ్ముతున్నట్టున్నాడు.

అంకమ్మత్త వేరును వాసన చూసింది. మొహం అనుమానంగా పెట్టింది. నమిలింది. మొహం మారింది.

"అబ్బా! గట్టి సరుకురా. మా మామ వేరుకి పెద్దన్నలాగుంది. ఈ దేశంలో అన్నీ పెద్దయిగా కాస్తాయి గాబోలు."

నెయ్యి లేదు కాబట్టి కొబ్బరినూనె, బెల్లం లేదు కాబట్టి మిల్లు చక్కెర. సాయంత్రానికి కుండ నిండింది.

సోమవారం తెల్లారగానే వదిన మొగుడికి లేహ్యం పెట్టింది. ఉసిరికాయంత అని అంకమ్మత్త మరీ మరీ చెప్పింది. వదిన ఏ ఊళ్ళో ఏ ఉసిరికాయ చూసిందో గానీ, ఆ ఉండ చిన్న కొబ్బరికాయంత ఉంది. మందుకు అడ్డం రాకూడదని గంజి కూడా పొయ్యలేదు.

తోటలో వీరస్వామన్న పార ఎత్తాడు. రెండు బారలు గడ్డి చెక్కాడు. నేను పక్క వరసలో ఉన్నాను.

"అన్నా, బలం వస్తోందా?"

"వత్తంది." నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది. "యాడో శానా దూరం నించి వత్తంది."

ఎండ ఎక్కింది. ఆయన పార కింద పెట్టి దాని వైపు ప్రేమగా చూశాడు.

"అబ్బయ్యా, ఈ మోకాళ్ళు నాయి గాదు రా."

"మరెవరివన్నా?"

"తెలీదు. మంచోళ్ళవే. కానీ నా మాట ఇనటం లేదు."

అని చాళ్ళలో కూర్చున్నాడు. నాకు అర్థం కాలేదు. బలం వచ్చినవాడు కూర్చుంటాడా? బహుశా బలం ఎక్కువై బరువెక్కాడేమో అనుకున్నాను. చుట్టుపక్కలవాళ్ళు అడిగితే అదే చెప్పాను. ఒకడు నిజమా అని ఆయన్ని ఎత్తి చూశాడు. బరువుగానే ఉన్నాడని చెప్పాడు.

భగవాన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏ! ఉఠ్! టాస్కు నీ బాప్ కరేగా?"

ఇలాంటప్పుడు వీరస్వామన్న వణికేవాడు. అందరం వణికేవాళ్ళం. కానీ ఆయన చిరునవ్వు నవ్వి పక్కన మట్టి చేత్తో చదును చేశాడు.

"భగవాన్ భాయ్, కూసో. ఎందుకరుస్తావు? చెరుకు యాడికి పోద్ది? పాపం నీకు గొంతు నొప్పి రాదా?"

భగవాన్ కర్ర ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. గొంతు నొప్పి గురించి ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు లేదు. చివరికి ఏం చెయ్యాలో తెలియక కులంబర్‌ను పిలిచాడు. కులంబర్ గుర్రం మీదనుంచి వంగి చూసి, లంబాసా అన్నాడు. ఇద్దరు మనుషులు వీరస్వామన్నను ఎత్తి ఆసుపత్రి కొట్టంలో పడేసి బయట గొళ్ళెం పెట్టారు. దారి పొడుగునా ఆయన వాళ్ళిద్దరి పిల్లల క్షేమం అడిగాడట. వాళ్ళకి పెళ్ళిళ్ళే కాలేదు.

వదిన ఆ వేళ తన టాస్కు ముగించింది.

పొద్దు వాలకముందే సెమి చేమదుంపలు పట్టుకుని లైన్లకు వచ్చాడు. ఇల్లు ఎంతవరకు వచ్చిందని నన్ను అడిగాడు. అంకమ్మత్త గుమ్మం ముందు కుండ కనబడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వేలితో నాకాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక గోడ పట్టుకున్నాడు.

"యంగోనా ఖాయా? చీనీ డాలా? అరే బాప్!"

"ఏందంటాడు రా?" అంది అంకమ్మత్త.

సెమి కళ్ళు తుడుచుకుని, వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, రాని వాటికి చేతులతో చెప్పాడు. ఇది బలానికి కాదు. మనసు నెమ్మది కావడానికి. పని అయిపోయాక, నీడలో కూర్చుని, నీళ్ళలో పిసికి తాగాలి. ఒక చిప్ప తాగి కబుర్లు చెప్పుకోవాలి, తరవాతే ఇంకో చిప్ప. పనికి ముందు ముట్టకూడదు. ఎండలో వద్దు. ఖాళీ కడుపుతో వద్దు. ఎక్కువ అసలే వద్దు.

బాలమ్మ వదిన అప్పటిదాకా గోడకానుకుని ఉంది. ముందుకొచ్చింది.

"ఖాళీ కడుపుతో తింటే ఏమయిద్ది?"

ఆమె అడిగింది నేను హిందీ చేసి చెప్పాను. సెమి తన మోకాళ్ళు తోటకూర కాడల్లా వంచి చూపించాడు.

"ఎక్కువ తిని ఎండలో నిలబడితే?"

సెమి నేల మీద పడుకుని చూపించాడు.

"చస్తారా?"

"నహీ నహీ! సోయేగా. కల్ ఠీక్."

"ఆడోళ్ళకు గూడా అంతేనా?"

సెమి నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. మొగుడు పోతున్నాడన్న దిగులుతో వదినకు మతి చెదిరిందనుకున్నాను. అయిపోయిన పెళ్ళికి మేళమెందుకు?

సెమి వెళ్ళాక అంకమ్మత్త కుండ ముందు కూలబడింది.

"అక్కలకర్ర."

"ఏందత్తా?"

"నాకు కావాల్సింది అక్కలకర్ర రా. అది తినినా నాలిక ఇట్టానే తిమ్మిరెక్కుద్ది."

ఆమె ఒక మందు పేరు పైకి అనడం నేను వినడం అదే మొదలు. ఆ పేరు నాకు తెలుసు. మా ఊళ్ళో నత్తి పిల్లల నాలుకకు రాసేవాళ్ళు. అది వేలెడంత ఉంటుంది. సెమి ఇచ్చింది నా మోచెయ్యంత ఉంది. పేరు చెప్పి ఉంటే చాప మీద చూసినప్పుడే ఇది అది కాదని తెలిసేది.

"చెప్పుంటే తెచ్చుండవు గదా," అంది నా మొహం చూసి. "చెబితే మందు చస్తాదనుకుంటి. చెప్పకపోతే మనిషి పోతన్నాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బాలమ్మా, ఆ కుండ తీసుకుపోయి పారబొయ్యి."

వదిన కుండ తీసుకుని వెళ్ళింది.

మంగళవారం తోటలో వదిన మొదట ఎప్పటిలాగే పార వేసింది. ఎండ ముదిరేసరికి పార ఒకవైపు, తను ఒకవైపు పోవడం చూశాను. నంబర్ వన్ పార చాళ్ళకు అడ్డంగా నడిచి, ఒక చెరుకు గడకు నమస్కారం పెట్టి, మెల్లిగా కూర్చుంది. నేను పరిగెత్తాను.

"వదినా! కుండ పారబోసినావా లేదా?"

తల అడ్డంగా ఊపింది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించింది.

"అంతా తిన్నావా? ఎందుకు?"

నాలుక మెదలడానికి చాలాసేపు పట్టింది.

"లంబాసా," అంది.

అప్పుడు నాకు తెలిసింది. మొగుణ్ణి ఉంచుకోవడానికి బలం సరిపోలేదు కాబట్టి వెంట పోవడానికి నీరసం తిన్నది. సెమి వద్దన్న ప్రతిదీ చేసింది.

అంతలో భగవాన్ వచ్చాడు. వెనకే కులంబర్ గుర్రం.

"యే క్యా హై? కల్ తక్ ఠీక్ థా!" కులంబర్ మొహం ఎర్రబడింది. వదినను పోనివ్వడం ఆయనకు ఇష్టం లేదు. "పానీ డాలో. ఆరామ్ దో. కల్ కామ్ కరేగా."

నీళ్ళు పోస్తారు, పడుకోబెడతారు, రేపు పనికి పెడతారు. పడవ వెళ్ళిపోతుంది. నేను తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాను. మంచి అబద్ధానికి తల మీద బరువు ఉండకూడదు.

"సాబ్, ఇది మద్రాసీ బీమారీ."

"క్యా?"

"మోకాళ్ళ బీమారీ సాబ్. మొగుడికి వస్తే పెళ్ళానికి జాతా హై. ఓడ తాడుతో పెళ్ళయినా జాతా హై. మా జిల్లాలో ఒక ఊరంతా పడిపోయింది. పన్ను వసూలుకు వచ్చిన తాసీల్దారు కూడా కూర్చుండిపోయి, నవ్వుతూ, పన్ను మాఫ్ చేశాడు."

కులంబర్ గుర్రం పగ్గం బిగించాడు. "ఔర్ కిస్ కో లగేగా?"

"పెళ్ళాం తరవాత సర్దారుకు సాబ్."

భగవాన్ వదిన దగ్గరనుంచి ఎంత దూరం జరిగాడంటే, ఆయనతో మాట్లాడాలంటే కేకెయ్యాల్సి వచ్చింది. కులంబర్ వదిన మొహం చూశాడు. ఆమె ఆయన్ని చూసి ప్రేమగా నవ్వింది. నిన్న మొగుడు నవ్విన నవ్వే. అంతే, ఆయన గుర్రం తిప్పుకున్నాడు.

"దోనో కో భేజో. బాకీ సబ్ కో ఆముదం."

బుధవారం రేవు దగ్గర అసలు చిక్కు వచ్చింది. వీరస్వామన్నకు ఏమీ తెలియదు. కొట్టంలో రెండు రోజులు నిద్రపోయి, తిని, ఆయన తేరుకున్నాడు. వదినను ముందే పడవలో ఎక్కించి గుడ్డ కప్పి పడుకోబెట్టారు. ఈయన రేవు మీదికి రాగానే రొమ్ము విరుచుకుని భగవాన్ ముందు నిలబడ్డాడు.

"సర్దార్! నాకు బాగయింది. ఇదిగో చూడు." గుంజీలు తియ్యడం మొదలుపెట్టాడు. "నన్ను తోటకు తోలు. టాస్కున్నర చేస్తా. నా బాలమ్మ ఇక్కడుండగా నేను పోను!"

భగవాన్ దూరంనుంచే తల గోక్కున్నాడు. "అరే, యే తో ఠీక్ హై. ఇతను వాపస్..."

నేను అన్న దగ్గరికి పోయి చెవిలో చెప్పబోయాను. ఆయన నన్ను తోసేశాడు. "నువ్వు తెచ్చిన ఏరు వల్లే గదరా ఇదంతా! పో అవతలికి!" గట్టిగా అరిచి చెబుదామంటే పక్కనే సర్దారు. ఆయన గుంజీ నుంచి లేచేటప్పుడు వెనకనుంచి రెండు మోకాళ్ళ మడతల్లో నా మోకాళ్ళు పెట్టి నొక్కాను. నిలబడ్డ గోడ కూడా దీనికి కూలుతుంది. అన్న కూలాడు. లేచాడు. మళ్ళీ నొక్కాను.

"బీమారీ! బీమారీ!" అని భగవాన్ రేవు చివరనుంచి అరిచాడు. "ఉఠావ్!"

నలుగురు ఆయన్ని ఎత్తి పడవలో వేశారు. ఆయన నన్ను, మా అమ్మను, మా ఊరి చెరువును, అందులో చేపలను కూడా తిట్టాడు. తాడు విప్పారు. అప్పుడు గుడ్డ కదిలింది. వదిన లేచి కూర్చుంది.

తిట్టు సగంలో ఆగింది.

"నువ్వెందుకే ఇక్కడ?"

"నీ మోకాళ్ళు నాకంటుకున్నాయంట," అంది వదిన. నాలుక అప్పటికి సరిగ్గా తిరుగుతోంది. "నోరు మూసుకుని వంకరగా కూసో. ఇంకా చూస్తన్నారు."

ఆయన వంకరగా కూర్చున్నాడు. ఆమె ఆయన చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుంది. ఇద్దరికీ ఏమైందో ఆయనకు ఇంకా తెలిసినట్టు లేదు. ఆమెను చూస్తాడు, నన్ను చూస్తాడు, మళ్ళీ తన మోకాళ్ళు చూసుకుంటాడు. కనిపించినంత దూరం అలాగే చూసుకుంటూ పోయాడు.

నేను లైన్లకు వచ్చేసరికి ఆముదం పోస్తున్నారు. ఒక్కొక్కరు ముక్కు మూసుకుని తాగి, నా వైపు తిరిగి, తాగిన దానికన్నా చేదుగా చూసి పోతున్నారు. అంకమ్మత్త వరసలో నా ముందు నిలబడింది. తన గరిటె గుటుక్కున మింగి, కళ్ళు మూసుకుని నాలుక చప్పరించింది.

"చేరిపోయినారా ఇద్దరూ?"

"ఒకే పడవలో అత్తా."

ఆమె పోసేవాడి వైపు తిరిగింది. "వీడికి రెండు గరిటెలు పొయ్యి నాయనా. వీడికి ఒకటి చాలదు," అంది. ఈసారి మందు పేరు అందరికీ తెలుసు. అయినా బ్రహ్మాండంగా పనిచేసింది.